పిట్స్ స్పెషల్‌లో ఏది కొనాలి? ఎస్-1సీ నుంచి ఎస్-2సీ దాకా పోలిక

గాల్లో విన్యాసాలు (ఏరోబాటిక్స్) చేయడానికి కట్టిన చిన్న బైప్లేన్, అంటే రెండు వరుసల రెక్కల విమానం, పిట్స్ స్పెషల్. దాన్ని కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. నిజానికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది ఒక సీటా, రెండు సీట్లా అన్నది. తర్వాత రెక్క: అడుగు భాగం చదునుగా ఉందా, పైనా కిందా ఒకేలా వంపు తిరిగి ఉందా. ఆ తర్వాత, అమ్మకానికి వచ్చిన ఆ ఒక్క విమానాన్ని ఎవరు కట్టారు, ఎలా కాపాడుకున్నారు. ఈ మూడూ కుదిరాక ఇంజిన్ విషయంలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అమెరికాలో ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉండి, ఏరోబాటిక్స్‌లోకి దిగుదామనుకునే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. అందుకే కొలతలన్నీ అక్కడి పౌండ్లు, గ్యాలన్లు, మైళ్లలోనే ఉన్నాయి. నిబంధనలు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏవి.

ఇన్ని రకాలు ఎలా వచ్చాయి

కర్టిస్ పిట్స్ 1915లో జార్జియాలో పుట్టాడు. ఫ్లోరిడాలో కట్టిన తన మొదటి చిన్న బైప్లేన్‌ని 1944లో ఎగరేశాడు. దాని ఇంజిన్ 55 హార్స్‌పవర్. ఆ రోజుల్లో ఏరోబాటిక్స్‌కి వాడే బైప్లేన్లు పెద్దవి, బరువైనవి. విన్యాసానికీ విన్యాసానికీ మధ్య ఎత్తు కోల్పోయి, మళ్లీ ఎక్కడానికి సమయం తీసుకునేవి. పిట్స్ ఆలోచన దీనికి ఎదురు దిశలో సాగింది: విమానాన్నే చిన్నది చేస్తే బరువు తగ్గుతుంది, తగ్గిన బరువుకి చిన్న ఇంజిన్ చాలు, రెక్కలు పొట్టివైతే రోల్ (విమానం తన పొడవు చుట్టూ తిరగడం) వేగంగా తిరుగుతుంది. అతను కట్టిన రెండో విమానాన్ని బెట్టీ స్కెల్టన్ 1948లో కొన్నది. దానికి లిటిల్ స్టింకర్ అని పేరు. 1948, 1949, 1950 మూడేళ్లూ అమెరికా మహిళల ఏరోబాటిక్ ఛాంపియన్ ఆమే. ఇవాళ ఆ విమానం వాషింగ్టన్ దగ్గర స్మిత్సోనియన్ మ్యూజియం వారి ఉద్వార్-హేజీ సెంటర్‌లో తలకిందులుగా వేలాడుతోంది.

1960ల మొదట్లో పిట్స్ ఎస్-1సీ నిర్మాణ నక్షలను అమ్మకానికి పెట్టాడు. అప్పటి నుంచి గ్యారేజీల్లో వందల విమానాలు తయారయ్యాయి. తర్వాత రెండు వైపులా సమానమైన వంపు ఉన్న రెక్క, నాలుగు ఐలెరాన్లు (రోల్ తిప్పడానికి రెక్క వెనక అంచున కదిలే పలకలు), 180 హార్స్‌పవర్ ఇంజిన్ కలిపి ఎస్-1ఎస్ వచ్చింది. 1972లో ఫ్రాన్స్‌లోని సలోన్-ద-ప్రొవాన్స్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో అమెరికా జట్టు పిట్స్‌లతో గెలిచింది. పురుషుల్లో చార్లీ హిల్లార్డ్, మహిళల్లో మేరీ గాఫ్నీ ప్రపంచ విజేతలయ్యారు. రెండు సీట్ల ఎస్-2ఏకి 1971లో సర్టిఫికెట్ వచ్చింది. వయోమింగ్ రాష్ట్రంలోని ఆఫ్టన్ అనే చిన్న ఊళ్లో దాని తయారీ మొదలైంది. ఫ్యాక్టరీ ఇప్పటికీ అక్కడే ఉంది. యజమానులు మారారు: 1981లో ఫ్రాంక్ క్రిస్టెన్సెన్ కొన్నాడు, 1990లలో అది ఏవియాట్ అయింది. ఎస్-2బీ 1980ల మొదట్లో, ఎస్-2సీ 1990ల చివర్లో వచ్చాయి. విడిభాగాలకు ఫోన్ చేయడానికి ఒక చిరునామా మిగిలి ఉండటం అన్నది యాభై ఏళ్ల పాత విమానం కొనేవాళ్లకి చాలా పెద్ద సంగతి. ఈ తరగతిలో చాలా విమానాలకు ఆ భాగ్యం లేదు.

1976 నాటికే ప్రపంచస్థాయి పోటీల్లో యాక్-50, జ్లిన్-50 లాంటి మోనోప్లేన్లు (ఒకే వరుస రెక్కల విమానాలు) ముందుకొచ్చాయి. తర్వాత సుఖోయ్-26, ఎక్స్‌ట్రా 300 ఆ స్థానాన్ని పూర్తిగా తీసుకున్నాయి. పోటీల్లో అన్నిటికంటే పైదైన అన్‌లిమిటెడ్ తరగతిలో గెలవడమే లక్ష్యమైతే పిట్స్ వైపు చూడకండి. స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియెట్ తరగతుల్లో, బాగా నేర్చినవారి చేతిలో అడ్వాన్స్‌డ్‌లో కూడా, పెట్టిన డబ్బుకి ఇంత తిరిగి ఇచ్చే విమానం మరొకటి దొరకడం కష్టం.

ఒక సీటా, రెండు సీట్లా

ఒంటి సీటు విమానంలో మొదటి ప్రయాణమే ఒంటరి ప్రయాణం. పక్కన కూర్చుని చేయి అందించేవారు ఉండరు. కాబట్టి ఎస్-1 కొన్నా, ముందు ఎస్-2లో శిక్షకుడితో గంటలు గడపక తప్పదు. బీమా కంపెనీలు కూడా మామూలుగా అదే అడుగుతాయి. దగ్గర్లో ఎస్-2 అద్దెకిచ్చే ఏరోబాటిక్ స్కూల్ ఉంటే ఎస్-1 కొనడం తెలివైన పని. కొనడానికి తక్కువ, నడపడానికి తక్కువ. స్కూల్ ఎక్కడో మూడు రాష్ట్రాల అవతల ఉంటే ఎస్-2 కొని, శిక్షకుడినే మీ ఊరికి పిలిపించుకోవడం మేలు.

రెండు సీట్లు ఉన్నాయి కదా, ఇద్దరం కలిసి తిరగొచ్చు అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఎస్-2బీ ఏరోబాటిక్ బరువు పరిమితి 1625 పౌండ్లు. ఖాళీ బరువు సుమారు 1150, రేడియోలు, అదనపు పరికరాలు చేరితే ఇంకా ఎక్కువ. 180 పౌండ్ల మనుషులు ఇద్దరు, ఒక్కొక్కరికి 15 పౌండ్ల పారాచూట్ అంటే 390. ఇక మిగిలింది 85 పౌండ్లు. పెట్రోలు గ్యాలన్‌కి 6 పౌండ్ల లెక్కన 14 గ్యాలన్లు. ట్యాంకుల్లో పట్టేది 29. ఫుల్ థ్రాటిల్ మీద ఆరు సిలిండర్ల ఇంజిన్ గంటకి 20 గ్యాలన్లకు పైగానే తాగుతుంది. అంటే రిజర్వు పక్కన పెడితే, ఇద్దరితో ఒకసారి వెళ్లొచ్చేది పాతిక నిమిషాల సాధన. శిక్షణకి అది సరిపోతుంది, ఎందుకంటే మొదట్లో శరీరం అంతకు మించి తట్టుకోదు. ఊరూరా తిరగడానికి మాత్రం సరిపోదు. సామాను పెట్టుకునే చోటు కూడా నామమాత్రమే.

ఎస్-1ఎస్‌కీ ఇలాంటి లెక్కే ఉంది. గరిష్ఠ బరువు 1150. పైలట్ 170, పారాచూట్ 15, 20 గ్యాలన్ల పెట్రోలు 120 తీసేస్తే 845. విమానం ఖాళీ బరువు దీనికి లోబడి ఉండాలి. పైలట్ 210 పౌండ్లయితే 805కి లోబడాలి. ఇంట్లో కట్టిన ఎస్-1లలో రంగు మీద రంగు వేసి, పరికరాలు పేర్చి ఈ గీత దాటినవి ఉన్నాయి. ప్రకటనలో రాసిన బరువు నమ్మకండి. ఆఖరిసారి తూకం వేసిన కాగితం ఏ తేదీదో అడగండి. ఆరడుగులు దాటినవాళ్లు కొనే ముందు పారాచూట్ కట్టుకుని, కనోపీ (పైన మూసే పారదర్శక కప్పు) మూసుకుని పది నిమిషాలు కూర్చుని చూడాలి. తల తగలకపోవడం ఒక్కటే చాలదు, రడ్డర్ (తోక చుక్కాని) పెడల్‌ని చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు ప్యానెల్‌కి తగలకూడదు.

రెక్క తేడా ఎక్కడ తెలుస్తుంది

ఎస్-1సీ రెక్క అడుగు చదును. ఐలెరాన్లు కింది రెక్కకే రెండు. మామూలుగా ఎగిరేటప్పుడు ఈ రెక్క మంచిది: నెమ్మదిగా దిగుతుంది, తక్కువ ఇంజిన్‌తోనూ లేస్తుంది. తలకిందులు చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎత్తు నిలబెట్టాలంటే ముక్కు బాగా పైకి పెట్టి, స్టిక్‌ని (చేత్తో పట్టి నడిపే కర్రని) గట్టిగా ముందుకు తోస్తూ ఉండాలి. వేగం కరిగిపోతుంది. లూప్‌లు, రోల్‌లు, హ్యామర్‌హెడ్ (నిటారుగా ఎక్కి, పక్కకి తిరిగి దిగడం), స్పిన్ (మెలితిరుగుతూ పడటం) వరకూ, అంటే స్పోర్ట్స్‌మన్ తరగతి దాకా, ఇది హాయిగా చేస్తుంది.

ఎస్-1ఎస్ రెక్కకి పైనా కిందా తేడా లేదు. తలకిందులుగా ఉన్నప్పుడు కూడా స్టిక్ దాదాపు అదే చోట ఉంటుంది. నాలుగు ఐలెరాన్లు కావడంతో రోల్ స్పష్టంగా వేగం. దీనికి చెల్లించే మూల్యం ల్యాండింగ్‌లో ఉంది: స్టాల్ వేగం (రెక్క విమానాన్ని మోయలేక వదిలేసే వేగం) ఎక్కువ, థ్రాటిల్ తీసేస్తే బాగా నిటారుగా కిందికి వస్తుంది. పోటీలకి వెళ్లే ఉద్దేశం ఉంటే మొదటి నుంచే ఎస్-1ఎస్ తీసుకోండి. చదును రెక్క మీద నేర్చి తర్వాత మారడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. ఎస్-1టీ అంటే ఇదే విమానానికి 200 హార్స్‌పవర్, కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్. డైవ్‌లో ఇంజిన్ ఆర్‌పీఎం మీద కన్నేసి థ్రాటిల్ వెనక్కి లాగే పని తప్పుతుంది, నిటారుగా మరికాస్త ఎక్కువ దూరం పోతుంది. ముక్కు బరువు మాత్రం పెరుగుతుంది.

రెండు సీట్లలో ఎస్-2ఏకి 200 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల లైకమింగ్. ఒక్కరే ఉన్నప్పుడు వెనక సీటు నుంచి నడిపితే ముచ్చటగా ఉంటుంది. ఇద్దరు ఎక్కి, ఎండ కాస్తున్నప్పుడు నీరసం తెలుస్తుంది. ఎస్-2బీకి 260 హార్స్‌పవర్ ఆరు సిలిండర్లు. శిక్షణకీ పోటీకీ రెంటికీ ఒకే విమానం కావాలంటే నా ఓటు దీనికే. ఎస్-2సీకి అదే ఇంజిన్, ఐలెరాన్లు మెరుగుపరిచారు, రోల్ ఇంకా చురుకు. ముఖ్యమైన తేడా నెగటివ్ వైపు బలంలో ఉంది: ఎస్-2ఏ, ఎస్-2బీలకు +6, -3 జీ (మామూలు బరువుకి ఎన్ని రెట్లు తట్టుకుంటుందన్న కొలత) పరిమితి, ఎస్-2సీకి +6, -5. బయటి లూప్‌లు (తల బయటి వైపు ఉండేవి), స్టిక్‌ని ముందుకు తోసి చేసే విన్యాసాలు ఎక్కువగా చేయాలనుకునేవారు ఆ అదనపు ధర పెట్టడంలో అర్థం ఉంది. మిగతావారికి మంచి స్థితిలో ఉన్న ఎస్-2బీ చాలు.

చుట్టాలు

క్రిస్టెన్సెన్ ముందు పిట్స్ కంపెనీనే కొనాలని చూసి, అప్పటికి కుదరక క్రిస్టెన్ ఈగిల్-2 అనే విమానాన్ని రూపొందించి 1970ల చివర్లో కిట్‌గా అమ్మాడు. 200 హార్స్‌పవర్, ఇద్దరికీ కలిపి ఒకే బుడగ కనోపీ, అల్యూమినియం స్ప్రింగ్ గేర్. కిట్‌లో భాగాలన్నీ, వివరమైన పుస్తకాలూ ఉండటంతో ఒక ఈగిల్‌కీ మరో ఈగిల్‌కీ పనితనంలో తేడా తక్కువ. ఎస్-2ఏ ధర దగ్గర ఆగిపోయినవాళ్లు దీన్ని తప్పక చూడాలి. స్టీన్ స్కైబోల్ట్ ఇంకా పెద్దది, రెక్కల వెడల్పు 24 అడుగులు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకి హాయి, రోల్ మాత్రం పిట్స్ అంత వేగం కాదు. 360 హార్స్‌పవర్ రష్యన్ రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉండేది) పెట్టిన పిట్స్ మోడల్ 12 వేరే లోకం. స్టార్ట్ చేసే ముందు కింది సిలిండర్లలో నూనె చేరిందేమోనని ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి చూడాలి. చేరిన నూనెతోనే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మొదటి ఏరోబాటిక్ విమానంగా అది వద్దు.

కొనే ముందు ఎక్కడ చూడాలి

ఫ్యాక్టరీ విమానానికి ఏటా ఐఏ (తనిఖీ అధికారం) ఉన్న మెకానిక్ తనిఖీ కావాలి. ఎక్స్‌పెరిమెంటల్‌కి, అంటే ఇంట్లో కట్టినదానికి, ఏ అండ్ పీ (విమానం ఒళ్లు, ఇంజిన్ లైసెన్సు ఉన్న) మెకానిక్ చాలు. ఖర్చు తగ్గుతుంది. కానీ ఎక్స్‌పెరిమెంటల్‌లో వెల్డింగ్ ఎవరిది, చెక్క ఎక్కడిది అన్నది మీరే తెలుసుకోవాలి. మామూలు సెస్నాలు మాత్రమే చూసే మెకానిక్‌ని కొనే ముందు చేయించే ప్రీ-బై తనిఖీకి తీసుకెళ్లకండి. గుడ్డ, చెక్క, స్టీలు గొట్టాలు తెలిసినవారు కావాలి.

పిట్స్ ఒళ్లు 4130 రకం స్టీలు గొట్టాల వెల్డింగ్. రెక్కల్లో స్ప్రూస్ చెక్క స్పార్లు (రెక్క పొడవునా ఉండే దూలాలు), పైన గుడ్డ. తుప్పు మొదలయ్యేది తోక దగ్గర, కింది లాంజెరాన్‌లో (ఒంటి పొడవునా పోయే గొట్టంలో), ఎందుకంటే టెయిల్‌వీల్ మీద నిలబడ్డ విమానంలో నీళ్లూ, ఇంజిన్ నూనెతో కలిసిన దుమ్మూ జారి చేరేది అక్కడికే. ఆ చోట గుడ్డ మీద పొక్కులు కనిపిస్తే లోపల చూడకుండా కొనొద్దు. తనిఖీ రంధ్రంలోంచి మొనదేరిన పంచ్‌తో గొట్టాన్ని గట్టిగా నొక్కితే, పలచబడ్డ చోట సొట్ట పడుతుంది. టెయిల్‌వీల్ స్ప్రింగ్ బిగించే చోట వెల్డింగ్ పగుళ్లు కూడా అక్కడే వెతకండి.

స్పార్‌లో భయపడాల్సింది కంప్రెషన్ పగులు. చెక్క నారకి అడ్డంగా, వెంట్రుకంత సన్నగా ఉంటుంది. రెక్క కొన నేలకి తగిలిన ప్రతి విమానంలోనూ ఇది ఉండొచ్చని అనుకునే వెతకాలి. లాగ్‌బుక్‌లో 'కింది కుడి రెక్క కొన మరమ్మతు' అని ఒక వరుస ఉంటే, ఆ రోజు రెక్క లోపల స్పార్ చూశారా, ఎవరు చూశారు అని అడగండి. జవాబు లేకపోతే గుడ్డ కోసి చూసే ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. స్పార్ వెంబడి గుడ్డ మీద ముడత కనిపించడం చెడ్డ గుర్తు. ఎస్-2లలో కింది రెక్కని ఒంటికి బిగించే వెనక ఫిట్టింగ్‌లో పగుళ్లు వచ్చి, ఎఫ్‌ఏఏ తప్పనిసరి తనిఖీ ఆదేశం ఇచ్చింది. ఆ పని జరిగినట్టు సంతకం ఉండాలి.

రెక్కలను పట్టి ఉంచే ఫ్లయింగ్ వైర్లు స్టెయిన్‌లెస్ స్టీలు. వాటి మీద గోటికి తగిలే గీత ఉన్నా మార్చాల్సిందే. ఒక వైర్ మిగతావాటికంటే వదులుగా ఉంటే ఎవరో రిగ్గింగ్‌ని (వైర్ల బిగింపు సర్దుబాటుని) సగంలో వదిలేశారని అర్థం.

ఇంజిన్ దగ్గర, స్నాప్ రోల్‌లు (ముక్కుని ఒక్కసారిగా లేపి, స్పిన్‌లా వేగంగా తిప్పే రోల్‌లు) ఎక్కువ చూసిన విమానంలో బరువైన మెటల్ ప్రొపెల్లర్ ఉంటే క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ బిగించే అంచు) మీద శ్రద్ధ పెట్టండి. ఒక్కసారిగా ముక్కు తిరిగినప్పుడు, తిరుగుతున్న ప్రొపెల్లర్ ఆ మలుపుని అడ్డుకుంటుంది. ఆ వంపు బలమంతా ఫ్లాంజ్ మీదే పడుతుంది. తేలికైన కాంపోజిట్ ప్రొపెల్లర్లు ఇంత ఆదరణ పొందడానికి ఇదొక కారణం.

తలకిందులుగా ఎగిరేటప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు, ఆయిల్ అందించే వ్యవస్థ రెండు చోట్ల మొరాయిస్తుంది. పెట్రోలు ట్యాంకులో బరువు కట్టిన ఫ్లాప్ ట్యూబ్ ఉంటుంది, విమానం తిరగబడితే అదీ పెట్రోలు ఉన్న వైపుకి పడుతుంది. ఏళ్లు గడిస్తే రబ్బరు బిరుసెక్కి, పడాల్సిన వైపుకి పడదు. ట్యాంకు సగమయ్యాక తలకిందులుగా ఇంజిన్ దగ్గితే మొదటి అనుమానం దాని మీదే పెట్టాలి. రెండోది ఆయిల్ వ్యవస్థలోని బంతి వాల్వ్. నిటారు గీతల్లోనూ, తిరగబడే క్షణంలోనూ ఆయిల్ ప్రెషర్ ఒకటి రెండు సెకన్లు పడిపోవడం మామూలే. తలకిందులుగా నిలకడగా ఉన్నా తిరిగి రాకపోతే బంతి ఇరుక్కుంది, వెంటనే తిప్పి దిగిపోవాలి. బొడ్డంతా నూనె ఉండటం చూసి బెదిరిపోనక్కర్లేదు. నాలుగు సిలిండర్ల లైకమింగ్ 360 మోడల్ ఇంజిన్‌లో పూర్తిగా 8 క్వార్ట్‌లు పోస్తే అదనంగా ఉన్నది బ్రీదర్ (గాలి వదిలే గొట్టం) గుండా బయటికే పోతుంది. చాలామంది 6, 7 మధ్య ఉంచుతారు.

దించడం

గాల్లో పిట్స్ మాట వింటుంది. నేల మీదే పేచీ. చక్రాలకీ తోకకీ మధ్య దూరం తక్కువ, బరువు కేంద్రం చక్రాల వెనక ఉంటుంది, ముందు ఏమీ కనపడదు. ముక్కు రెండు డిగ్రీలు పక్కకి పోయినప్పుడే పాదం కదలాలి. పదిదాకా ఆగితే గ్రౌండ్ లూప్ (నేల మీద విమానం గిర్రున తిరిగిపోవడం) మొదలైపోయినట్టే. రన్‌వేకి నేరుగా ఎదురొస్తే రన్‌వేనే కనపడదు కాబట్టి, డౌన్‌విండ్ (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిక్కుకి ఎదురుగా వెళ్లే దారి) నుంచి ఒకే వంపుగా తిరుగుతూ, చివర కాస్త స్లిప్ పెట్టి (పక్కకి జారుతూ) వస్తారు. ఎస్-2బీకి ఆ దారిలో గంటకి 90 నుంచి 100 మైళ్లు. చక్రాలు తగిలాక ముందుకి చూసే ప్రయత్నం మానేసి, ముక్కుకి రెండు పక్కలా రన్‌వే అంచులు సమానంగా ఉన్నాయా అన్నదే చూడాలి. విమానం ఉన్నట్టుండి తిక్కగా ప్రవర్తిస్తుంటే పైలట్‌ని తప్పుపట్టే ముందు టెయిల్‌వీల్ స్టీరింగ్ స్ప్రింగ్‌లు సాగాయా, చక్రాల అలైన్‌మెంట్ తప్పిందా చూడండి. ఈ రెండే చాలాసార్లు కారణం.

స్పిన్ నుంచి బయటపడే పద్ధతి కాగితం మీద చదివి ఊరుకునేది కాదు. పిట్స్‌కి బాగా పనిచేసేది ఏరోబాటిక్ పైలట్లు జీన్ బెగ్స్, ఎరిక్ ముల్లర్ ప్రచారంలోకి తెచ్చిన వరుస: థ్రాటిల్ పూర్తిగా వెనక్కి, స్టిక్ మీంచి చేయి తీసేయడం, తిరుగుతున్న దిక్కుకి వ్యతిరేకంగా రడ్డర్ చివరిదాకా, తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకి తెచ్చి డైవ్ నుంచి లేపడం. దిక్కు తేలకపోతే, తొక్కడానికి గట్టిగా ఉన్న పెడలే సరైన పెడల్. కంగారులో స్టిక్‌ని ముందుకు తోసి, ఇంజిన్ పవర్ అలాగే ఉంచితే తిరగడం వేగం పుంజుకుంటుంది. మనుషులు చనిపోయేది అక్కడే. ఈ వరుసని శిక్షకుడితో, చాలినంత ఎత్తులో, మామూలు స్పిన్‌లోనూ తలకిందుల స్పిన్‌లోనూ చేయి దానంతట అది వదిలేదాకా చేయించుకోండి.

చట్టప్రకారం అమెరికాలో నేల నుంచి 1500 అడుగుల కింద ఏరోబాటిక్స్ నిషేధం. గాల్లో కనిపించే దూరం 3 మైళ్లకి తగ్గకూడదు. రద్దీ ప్రాంతాల మీదా, జనం గుమిగూడిన చోట్ల మీదా చేయకూడదు. ఇద్దరు ఎక్కితే ఇద్దరికీ పారాచూట్ ఉండాలి, సింథటిక్ పారాచూట్‌ని 180 రోజులకోసారి మళ్లీ మడత పెట్టించాలి. కొత్తగా కొన్నవాళ్లు మొదటి కొన్ని నెలలు 1500 దగ్గర కాదు, 4000 అడుగుల పైనే సాధన చేయడం మేలు. ల్యాండింగ్‌ల సాధనకి వెడల్పైన గడ్డి రన్‌వే దొరికితే అక్కడే మొదలుపెట్టండి. తారు మీద టైరు పట్టేసి ముక్కుని పక్కకి లాగేసే పొరపాటుని గడ్డి కాస్త జారనిచ్చి క్షమిస్తుంది.